ముద్ద దగ్గర ఆగిపోయిన కంప్యూటర్

బెల్లంపల్లిలో మా బజారు వాళ్లు చెప్పే కథ ఇలా ఉంటుంది. ఒక ముసలమ్మ పోయింది. మూడో రోజు పెట్టిన ముద్దను పిట్ట ముట్టలేదు. ఆ వీడియో నా కంప్యూటర్‌లో వేస్తే, ముద్ద కనబడే చోటికి రాగానే మెషిన్ ఆగిపోయేది. చివరికి నేను దాని నెత్తి మీద నీళ్లు పోశాను, ముసలమ్మ ఆత్మ చల్లబడింది, వీడియో నడిచింది.

చెప్పేవాళ్లలో ఒక్కడు తప్ప ఎవరూ ఆ రోజుల్లో నా షాపు గడప తొక్కినవాళ్లు కారు. ముందుగా, నేను ఎవరి నెత్తి మీదా నీళ్లు పోయలేదు. ప్రాసెసర్ మీద వాటర్ బ్లాక్ బిగించాను. బ్లాక్ అంటే అరచేతిలో పట్టే చిన్న లోహపు డబ్బా. అడుగున రాగి పలక ఉంటుంది. నీళ్లు దాని కడుపులోనే తిరిగి, వేడిని మోసుకుని ట్యూబులో బయటికి పోతాయి. ప్రాసెసర్‌ను ఒక్క చుక్క కూడా తాకదు. తాకితే ఇంక చల్లబడడానికి ఏమీ మిగలదు. ఈ సంగతి ఎంతమందికి చెప్పానో! విని, తల ఊపి, బయటికి పోయి మళ్లీ అదే చెబుతారు, "ఆమె నీళ్లు పోసింది" అని.

కరీంనగర్‌లో బీఎస్సీ చదివాను, ఫిజిక్స్. బతుకు మాత్రం వీడియోల మీద. పెళ్లిళ్లు, పుట్టువెంట్రుకలు, ఈ మధ్య చావులు కూడా. నవ్వే పని లేదు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి గల్ఫ్‌కు పోయిన కొడుకులు చావుకు అందుకోలేరు, వీడియో అడుగుతారు. షూటింగ్‌కు ఒక కెమెరామన్ పోతాడు. ఎడిటింగ్ నాది. కెమెరామన్ మా ఆయన దోస్తు. నన్ను వదినె అంటాడు కాబట్టి అతని నోటికి అడ్డు లేదు. నా నోటికి ఎలాగూ లేదు.

ఆ మే నెలలో ఒక పిల్ల వచ్చింది. చనిపోయిన ముసలమ్మకు కోడలు. చంకలో బిడ్డ, ముఖం నిండా చెమట. భర్త మస్కట్‌లో ఉన్నాడు. ఒక్కడే కొడుకు.

"అక్కా, గా పిట్ట ముట్టిన కాడ జర పెద్దగ చేసి చూపెట్టాలె. ఆయన అన్నం తింటలేడు" అంది.

"ఎందుకు తింటలేడు?"

"పిట్ట ముట్టింది కండ్ల చూసేదాంక అన్నం ముట్టనని ఒట్టు పెట్టుకున్నడు. ఉత్త ఖబూస్ నమిలి పనికి పోతుండు. మొన్న సైటు మీద ఎండకు కండ్లు తిరిగి పడ్డడట. పక్క రూమాయన ఫోన్ చేసి చెప్పిండు."

ఖబూస్ అంటే అక్కడి రొట్టె. "రొట్టె తింటే మనిషేం కాడు" అన్నాను.

"మీకట్ల అనిపిస్తది. ఆయన మొండితనం నాకు ఎరికే. ఒక్కడే ఉంటడు, అడిగేటోళ్లు లేరు. మీది నించి పడితే ఏంది అక్కా నా గతి?"

ఆమె ఏడవలేదు. ఏడిస్తే నేను కసురుకునేదాన్నేమో. పొడి గొంతుతో చెప్పింది కాబట్టి కుర్చీ వేశాను.

మా దిక్కు ఎవరైనా పోతే మూడో రోజు వాళ్లకు ఇష్టమైనవన్నీ విస్తరాకులో పెట్టి, జనం దూరం జరిగి, పిట్ట కోసం చూస్తారు. పిట్ట అంటే కాకి. అది ముడితే పోయినవాళ్లకు ఏ మనాదీ లేదని, ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిందని. ముట్టేదాకా ఒక్కొక్కరే మొక్కుతారు, మాట ఇస్తారు, బతిమాలతారు. ఈ ముసలమ్మకు ఏం మిగిలిందో అడగాల్సిన పని లేదు. కొడుకు రాలేదు.

"ముట్టిందని ఫోన్‌ల చెప్పలేదా?" అని అడిగాను.

"చెప్పిండ్రు. ఎవలు చూసిండ్రు అని ఆయన అడిగిండు. చిన్నమామ చూసిండన్నరు. చిన్నమామనడిగితే, నేను గాదు, మా పెద్దోడు చూసిండన్నడు. పెద్దోడు కెమెరా ఆయన చూసిండన్నడు. నేను పిల్లనెత్తుకోని ఎనుక నిలవడ్డ. నాకు అందరి వీపులే కనవడ్డయి."

కెమెరామన్‌కు ఫోన్ చేశాను. "ముట్టింది అని ఎవలో ఒర్లిండ్రు వదినె, అందరు లేసిండ్రు, నేనూ లేసిన" అన్నాడు. అంటే ఊరంతా కలిసి ఒక పిట్టను చూసింది, ఒక్కొక్కరుగా అడిగితే ఎవరూ చూడలేదు.

సాయంత్రం అతను షాపుకు వచ్చి దారి చెప్పాడు. "గింత పరేషాన్ ఎందుకు? మన దగ్గర కాకి ఉన్నది గదా!"

నిజమే, మా దగ్గర ఒక కాకి ఉంది. ఎప్పుడో వెలుతురు బాగా కుదిరినప్పుడు తీసిన క్లిప్. చెట్టు మీంచి దిగుతుంది, అటూ ఇటూ చూస్తుంది, ముద్దను పొడుస్తుంది. ఎక్కడైనా పిట్ట సరిగ్గా పడకపోతే ఇంటివాళ్లే అడిగి దాన్ని పెట్టించుకుంటారు. ఎన్ని ఊళ్ల ముద్దలు తిన్నదో ఆ కాకి.

"అది వేరే ఊరి కాకి" అన్నాను.

"కాకికి ఆధార్ కార్డు ఉంటదా వదినె?"

"అందం కోసం పెట్టుమంటె పెడుత. గీయన అందం అడుగుతలేడు. అయిందా, కాలేదా అని అడుగుతుండు. గా మాటకు వేరే ఊరి కాకిని బదులియ్య."

"అయితె మస్కట్ల ఉపాసం చేపియ్యి" అని టీ తాగి పోయాడు.

ఇంక మిగిలింది అసలు ఫుటేజ్. వాగు ఒడ్డు, తుమ్మ చెట్టు, చెట్టు నిండా కాకులు. ఆపకుండా తీసిన ఒకే క్లిప్. విస్తరాకు ఒక మూలన ఎక్కడో, చింతాకంత. దాన్ని పెద్దది చేసి, వణుకు తీసి, మసక తీసి చూడాలి. అంటే కంప్యూటర్ ఒక్కో బొమ్మనూ విప్పి మళ్లీ కట్టాలి. దానికి అంతకన్నా బరువు పని లేదు.

మొదలుపెట్టాను. ఫ్యాన్ రొద పెరిగింది. మొక్కుతున్న జనం వీపులను వీడియో దాటింది, కెమెరా విస్తరాకు వైపు తిరిగింది, అంతే, స్క్రీన్ నల్లబడింది. ఫ్యాన్ ఆగింది.

మా షాపు వెనకంతా ఖాళీ క్వార్టర్లు. బొగ్గు బాయిలు మూతపడ్డాక మనుషులు పోయారు, తర్వాత తలుపులు పోయాయి, కిటికీలు పోయాయి. మే నెల మిట్టమధ్యాహ్నం అక్కడ కుక్క కూడా మొరగదు. ఫ్యాన్ ఆగిపోతే ఎంత నిశ్శబ్దం ఉంటుందో నాకు ఆ రోజే తెలిసింది. ఆ తలుపుల్లేని ఇళ్లన్నీ వెనక నుంచి షాపులోకి తొంగి చూస్తున్నట్టు అనిపించింది.

మళ్లీ పెట్టాను. మళ్లీ అక్కడే. మర్నాడు కోడలు కూర్చుని ఉండగా పెట్టాను, మళ్లీ అక్కడే. ఆమె బిడ్డ ముఖాన్ని కొంగుతో కప్పింది.

"అత్త చూడనిస్తలేదు" అంది.

"మీ అత్త కాదు, వేడి. పని బరువయ్యేది అక్కడే, కాబట్టి ఆగేది అక్కడే. వేడి మితిమీరితే ప్రాసెసర్ తనను తాను బంద్ చేసుకుంటది. కాలిపోకుండ దానికి పెట్టిన తెలివి అది."

"మరి పెండ్లి వీడియోలకు బంద్ కాదేంది?"

పెళ్లి వీడియోల్లో ఎవరి ముఖాన్నీ ఇంతగా సాగదీయనని చెప్పాను. వినలేదు. అప్పుడే టీకి వచ్చి ఎదురుగా కూర్చున్న కెమెరామన్ మాత్రం చక్కగా విన్నాడు, విని బజారంతా పంచాడు.

కంప్యూటర్ డబ్బా విప్పి చూస్తే నా మాటకు సాక్ష్యం దొరికింది. ప్రాసెసర్ మీది ఫ్యాన్ కింద, లోహపు రేకుల మధ్య, బొగ్గు దుమ్ము అట్టగట్టి ఉంది. గోటితో గీరితే పొరలుగా ఊడి వచ్చింది. ఊది, తుడిచి మళ్లీ పెట్టాను. కొంచెం ఎక్కువసేపు నడిచింది, అదే చోట ఆగింది. ఈ ఊరి గాలికి, ఈ ఎండకు ఫ్యాన్ చాలదని తేలింది. నీళ్లతో చల్లబరిచే సామాను కోసం బస్సెక్కి కరీంనగర్ పోయాను.

షాపాయన ఆ సామాను డబ్బా తెచ్చి కౌంటర్ మీద పెట్టి, మీద చెయ్యి తియ్యలేదు. "మేడమ్, గిది బిగించుడు మీతోని కాదు. సార్‌ను తోలియ్యిండ్రి."

"సార్‌కు గ్యాస్ రెగ్యులేటర్ బిగించుడు నేర్పింది గూడ నేనే. ప్యాక్ చెయ్యి."

బిగించే రోజు కోడలు పొద్దున్నే వచ్చింది. ఎవరు రమ్మన్నారో తెలియదు. బిడ్డ లేదు, తల్లి దగ్గర వదిలి వచ్చిందట. "నేనుంటనక్కా, ఏదన్న పట్టుకొమ్మంటె పట్టుకుంట" అంది. ఆమె కళ్లు మాత్రం నా చేతుల మీద లేవు, నల్లటి స్క్రీన్ మీద ఉన్నాయి.

పాత ఫ్యాన్ ఊడదీశాను. ప్రాసెసర్ మీద, వేడిని పైకి అందించే పాత పేస్టు ఎండి సున్నంలా పగిలి ఉంది. స్పిరిట్ ముంచిన గుడ్డతో అద్దంలా మెరిసేదాకా తుడిచాను. బ్లాక్ అడుగున రాగి పలకకు అంటించిన పల్చటి ప్లాస్టిక్ పొర పీకేశాను. అది మరిచిపోయి బిగించేవాళ్లు చాలామంది ఉన్నారు, నేను మరిచిపోలేదు. పలక పైకి ఉండేలా బల్ల మీద పెట్టి, చేతులు కడుక్కోవడానికి లోపలికి పోయాను. వచ్చి, ప్రాసెసర్ మధ్యలో కొత్త పేస్టు శనగగింజంత పెట్టి, ట్యూబులు మెలిపడకుండా చూసుకుంటూ బ్లాక్‌ను బోర్లించి అదిమాను. స్క్రూలు ఒకటి ఈ మూల, ఒకటి ఎదురు మూల, కొంచెం కొంచెంగా బిగించాను. ఒకే పక్క బిగిస్తే పలక ఏటవాలు అవుతుంది.

తిరిగొచ్చే నీళ్లను చల్లార్చే రేడియేటర్ పైన పెట్టి, ట్యూబుల రెండో కొసలు దానికి తగిలించి, బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ చిన్న ట్యాంకులో నింపాను. అతుకుల చుట్టూ పేపర్ న్యాప్‌కిన్లు చుట్టాను, చుక్క కారినా తెలుస్తుంది. కంప్యూటర్‌కు కరెంటు ఇవ్వకుండా పంపుకు మాత్రమే ఇచ్చాను.

నీళ్లు ట్యూబులో పాక్కుంటూ వచ్చాయి. బ్లాక్ దగ్గరికి చేరగానే శబ్దం మొదలైంది. గుర్... గుర్ర్... కాస్త ఆగి, మళ్లీ గుర్ర్. లోపల గాలి చిక్కుకుంటే అలాగే వస్తుంది. నాకు తెలుసు. తెలిసినా బాగోలేదు.

కోడలు లేచి నిలబడింది. "బంద్ చెయ్యక్కా."

"గాలి బుడగ. పోతది."

"మా అత్త గొంతు గిట్లనే అన్నది. ఆఖరి దినం గిట్లనే. బంద్ చెయ్యి."

"బంద్ చేస్తె గాలి అండ్లనే ఉంటది. కూసో."

కూర్చోలేదు. గోడకు ఆనుకుని, నేను అడగకుండానే చెప్పింది. "అందరం గొంతుల నీళ్లు పోసినం. చిన్నమామ పోసిండు, తాగింది. నేను పోసిన, తాగింది. మళ్ల నేనే ఆయన పేరు మీద పోసిన. అత్తా, గివి నీ కొడుకు నీళ్లు అని చెప్పి పోసిన. గవి దిగలే. పెదిమె సందులకెల్లి బయటికొచ్చినయి. తుడిసి మళ్ల పోసిన, మళ్ల ఒచ్చినయి. కండ్లు మాత్రం నా దిక్కే చూస్తున్నయి."

"ఆయనకు చెప్పినవా?"

"ఎట్ల చెప్త? తాగిందని చెప్పిన."

అప్పుడు నాకు తెలిసింది ఆమె భయం ఎక్కడిదో. అతను అనుమానపడుతున్నది పిట్ట ఒక్కదాన్నే కాదు. భార్య గొంతులో ఏదో దాగిందని కడలి అవతల ఉండి కూడా పసిగట్టాడు.

నేను కంప్యూటర్ డబ్బాను ఒక పక్కకు వంచాను. బుడగ ట్యూబులో పైకి జరిగి ట్యాంకులోకి వెళ్లిపోయింది. శబ్దం ఆగింది. ఆమె మాట, అదీ ఒకేసారి ఆగాయి. అంతకు మించి అందులో ఏమీ లేదు.

పేపర్లు తడవలేదు. కంప్యూటర్ ఆన్ చేసి వీడియో పెట్టాను. స్క్రీన్ మూలన వేడి చూపించే అంకె ఉంటుంది. అది చల్లగా కూర్చోవాలి. కూర్చోలేదు. ఎక్కింది, ఎక్కుతూనే పోయింది. నీళ్లు తిరుగుతున్నాయి, ట్యూబులు చల్లగా ఉన్నాయి, ప్రాసెసర్ మాత్రం కాగుతోంది. వీపులు దాటింది. కెమెరా విస్తరాకు వైపు తిరిగింది. నల్లబడింది.

"చూసినవా అక్కా" అంది కోడలు, చాలా మెల్లగా.

నీళ్లన్నీ తీసి, స్క్రూలు విప్పి, బ్లాక్‌ను పైకి లేపాను. ప్రాసెసర్ మీద ఎర్రగా ఉంది. చిక్కటి ఎరుపు, అంచుల్లో నల్లబడి. నా చెయ్యి వెనక్కి వచ్చేసింది. యంత్రం నుంచి రక్తం కారుతుందని నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

తర్వాత వాసన తగిలింది. పసుపు.

తిరిగి చూశాను. కోడలు తల వంచుకుంది. "కొత్త సామాను గదక్కా. రాగిది. దేవుని చెంబు తీర్గ మెరిసింది. బొట్టు పెట్టకుండ ఎట్ల మొదలువెడుతమని... నువ్వు చేతులు కడుక్కోవోయినప్పుడు పెట్టిన."

"ఎంత పెట్టినవు?"

"ముత్తైదువకు పెట్టినంత."

పలక మీద తడి పసుపు మందంగా అలికి, మధ్యలో కుంకుమ అద్దింది. అది ఎండి గట్టిపడి, ప్రాసెసర్‌కూ రాగికీ మధ్య గోడలా నిలబడింది. వేడి పైకి పోయే దారే లేదు. మొగుడి చేత అన్నం తినిపించడానికి వచ్చిన పిల్ల అతని అన్నానికి తానే అడ్డం పడింది. నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. ఆమె అన్నీ పడి, చివర్లో, "బయటి దిక్కు పెడితె ఏం గాదా మరి?" అని అడిగింది. పెట్టమన్నాను. బ్లాక్ మూత మీద ఆ బొట్టు ఇప్పటికీ ఉంది. దాన్నే చూపించి బజారు వాళ్లు శాంతి చేయించానంటారు.

రాగి పలకనూ ప్రాసెసర్‌నూ తుడిచి, మళ్లీ పేస్టు పెట్టి, ఈసారి అడుగు చూసుకుని బిగించాను. అంకె కదలకుండా కూర్చుంది. వీపులు దాటింది. విస్తరాకు వచ్చింది. కంప్యూటర్ ఆగలేదు.

కాబట్టి బజారు కథ అబద్ధం. ఆగింది వేడికి, దుమ్ముకు, బొట్టుకు. ఒక్కో దానికీ కారణం చెప్పాను, ఇంకా అడిగితే మళ్లీ చెబుతాను. నాకు కారణం దొరకనిది ఆ తర్వాతది. దాని గురించి బజారులో ఎవరూ మాట్లాడరు, ఎందుకంటే ఎవరికీ తెలియదు.

పెద్దదైన బొమ్మలో విస్తరాకు స్పష్టంగా కనబడింది. గుండ్రటి తెల్లటి ముద్ద, పక్కన మాంసం కూర, దొప్పలో కల్లు, ఒక బీడీ కట్ట. కెమెరా మెల్లగా చెట్టు వైపు జరిగింది. కొమ్మల మీద కాకులు, ఒక్కటీ రెక్క విప్పలేదు. ఆ ఎండలో నోళ్లు తెరుచుకుని అన్నీ ఒకే వైపు చూస్తున్నాయి. కెమెరా తిరిగి విస్తరాకు మీదికి వచ్చింది. ముద్ద ఒక పక్క లోపలికి పోయి ఉంది. చిటికెడంత అన్నం తగ్గింది. కల్లు దొప్పలో సన్నటి అలలు తిరుగుతున్నాయి. చుట్టూ నేల ఖాళీ. అప్పుడే ఎవరో "ముట్టింది" అని అరిచారు, జనం లేచారు.

వెనక్కి తిప్పాను. మళ్లీ వేశాను. పెద్దది చేయని అసలు ఫుటేజ్‌లో చూశాను. అందులోనూ ముద్దకు ఆ లోటు ఉంది. గాలి అనుకుందామంటే విస్తరాకు అంచు కూడా కదల్లేదు. ఉడుత అనుకుందామంటే, కెమెరా అటు తిరిగిన ఆ కాస్తలో వచ్చి, తిని, కనబడకుండా పోవడానికి అక్కడ గడ్డిపోచ కూడా లేదు. ముద్ద దానంతట అది జారిందంటే, జారిన మెతుకులు కింద ఉండాలి. లేవు.

కోడలు స్క్రీన్ మీద చెయ్యి పెట్టింది. "ముట్టింది" అంది. ఏది ముట్టిందని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

వీడియోకు ఏమీ అతికించకుండా ఉన్నది ఉన్నట్టు మస్కట్‌కు పంపాను. చాలాసేపటికి ఫోన్ వచ్చింది. ఆమె స్పీకర్‌లో పెట్టింది. అవతల ఏదో గిన్నెల చప్పుడు.

"చూసిన" అన్నాడతను. గొంతు బొంగురుగా ఉంది. "అన్నం పెట్టుకున్న. తింటున్న."

కోడలు ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుని కూలబడింది. అప్పుడు ఏడ్చింది.

"మన ఇంటి కుంటి కాకే గదనే" అన్నాడు అతను. "అవ్వ దినాం గిన్నె కడిగిన బువ్వ ఏస్తుండె గదా. గదే. కుంటుకుంట ఒచ్చి, ముట్టి, నా దిక్కు చూసి పోయింది."

ఆమె నా వైపు చూసింది. నేను స్క్రీన్ వైపు చూశాను. ఖాళీ నేల.

"అట్లాంటి కాకి ఉండెనా?" అని తర్వాత అడిగాను. ఉండేదట. అత్త పోయిన దినం నుంచి పెరట్లోకి రాలేదట.

ఆ తర్వాత సెలవు మీద వచ్చినప్పుడు అతను షాపుకు వచ్చాడు. మనిషి పుష్టిగా ఉన్నాడు. ఎండకు కమిలిన ముఖం, మర్యాదైన మాట. నీళ్లు తిరిగే ట్యూబులను వంగి చూశాడు. "పెద్ద స్క్రీన్ మీద ఒక్కపారి చూస్తవా తమ్ముడూ?" అని వీడియో తెరవబోయాను.

"వద్దక్కా. చూసిన గదా" అన్నాడు.

"ఎక్కడ దిగింది కాకి? చెట్టు మీంచా, నేల మీదికెల్లా?"

నవ్వాడు. భార్య గడపలో బిడ్డతో నిలబడి ఉంది. అతను ఆమె వైపు ఒక చూపు చూసి, "ముట్టింది గదక్కా, గది చాలు" అని చెప్పులేసుకున్నాడు.

పెండ్లాం భయం తీర్చడానికి కాకిని పుట్టించాడంటే, ఆఖరి నీళ్లప్పుడు ముసలమ్మ కళ్లు తన దిక్కే చూసిన సంగతి ఆమె అతనికి ఎన్నడూ చెప్పలేదంటుంది, మరి 'నా దిక్కు చూసి పోయింది' అన్న మాట అతని నోట ఎలా వచ్చింది? నిజంగానే చూశాడంటే, నేను బొమ్మ బొమ్మా విప్పి వెతికిన ఆ ఖాళీ నేల మీద, తమ్ముడూ, నీకేం కనబడింది?